హేవిళంబి పంచాంగం

అనంతపురంలో బదరీనారాయణ గారి ఇంటి ముందుగదిలో ఆ ఆదివారం ఉదయం పదిన్నర గంటలకు హాజరైనవారు, కూర్చున్న వరుసలో, వీరు: కిటికీ పక్కనున్న పెద్ద సోఫాలో ధర్మవరం పట్టుచీరల వర్తకుడు రామాంజులు శెట్టి, ఆయన భార్య అరుణజ్యోతి, వారి ఏకైక కుమారుడు ముఖేష్, వారికి ఎదురుగా చేతుల కుర్చీలో ఇంటి యజమాని, విశ్రాంత కళాశాల ప్రిన్సిపాల్ బదరీనారాయణ గారు, ఆయన కుడివైపు కుమారుడు కేశవ, కేశవ కుర్చీ వెనుక నిలబడి, అతని కుమార్తె అర్చన, చివరగా, వంటగది గడప దగ్గర నవారు మంచం మీద, బదరీనారాయణ గారి మేనత్త, తొంభై ఏళ్ల కన్యకమ్మ.

నడుమనున్న బల్ల మీద ఒక పళ్లెంలో తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ములు, రెండు కొబ్బరికాయలు ఉన్నాయి. పళ్లేనికి జానెడు దూరంలో ఎర్రగుడ్డలో చుట్టిన పాత పుస్తకం ఒకటి ఉంది. వచ్చినవారి చూపు పళ్లెం మీద నిలిచింది. బదరీనారాయణ గారి చూపు మాత్రం ఆ ఎర్రగుడ్డను వదలలేదు.

ముఖేష్‌కూ అర్చనకూ తాంబూలాలు మార్చుకుని ముహూర్తం ఖాయం చేసుకోవడానికి తమను పిలిపించారని ధర్మవరం వారు అనుకుంటున్నారు. కేశవ కూడా అలాగే అనుకుంటున్నాడు. ఈ పెళ్లి జరగడానికి వీలులేదని చెప్పడానికి పిలిపించినట్టు ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఒకరు బదరీనారాయణ గారు. రెండవది, రెండు రోజుల కిందట ఆయన నోటి నుంచే ఆ మాట విన్న అర్చన.

ఈ సంగతిని ఆయనకు ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆయనే వెతుక్కుంటూ వెళ్లి తెచ్చుకున్నారు.

మనవరాలి పెళ్లికి వచ్చిన ప్రతి అతిథి చేతిలో తమ వంశచరిత్ర పుస్తకం ఒకటి పెట్టాలని ఆయన సంకల్పం. అందులో ముఖ్యభాగం తన తాతగారు ఉరవకొండ ఆదిశేషయ్య శెట్టి గారి జీవితం. నాలుగేళ్లకొకసారి కూడా సరిగ్గా వాన పడని ఆ నేలలో శనక్కాయల గానుగ పెట్టి నిలబడిన మనిషి, కొడుకులను చదివించి, ఈ మనవడిని ఇంగ్లీషులో ఎం.ఏ. వరకు చదివించిన మనిషి ఆదిశేషయ్య. బదరీనారాయణ గారు నడవడం, మాట్లాడడం, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకోవడం, అన్నీ తాత నుంచే నేర్చుకున్నారు. తన గౌరవమంతా ఆ ఒక్క మనిషి భుజాల మీద నిలిచి ఉందని ఆయన నమ్మకం.

ముప్పై నాలుగేళ్లు కళాశాల నడిపిన మనిషి కాబట్టి చరిత్ర రాయడానికి ఆయనకొక పద్ధతి ఉంది. కాగితం మీద లేనిది పుస్తకంలోకి రాకూడదు. ఎండలో గొడుగు పట్టుకుని ఉరవకొండ వెళ్లి పాత బడి చేరిక పట్టీ నకలు తీసుకున్నారు. పురోహితుల ఇంట్లో చెదలు తినగా మిగిలిన జాతకాల కట్ట విప్పించారు. తన ఇంట్లోని రేకుపెట్టెలో తాతగారు యువకుడిగా ఉన్నప్పుడు బళ్లారి నుంచి రాసిన ఏడు ఉత్తరాలను వరుసగా పేర్చారు. అదే ఇంట్లో వంటగది పక్కగదిలో ఆదిశేషయ్య గారి కడగొట్టు కూతురు కన్యకమ్మ రోజూ తులసికి నీళ్లు పోస్తూ తిరుగుతోంది. ఆమెను మాత్రం ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ముసలివాళ్ల జ్ఞాపకాలు అందంగా ఉంటాయి గాని ఆధారాలు కావని ఆయన తన విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు.

కాగితాలలో ఆయనకు మొదటినుంచీ రెండు సంగతులు అడ్డం తగులుతూ వచ్చాయి. ఆదిశేషయ్య కంటె ముందు ఆ తల్లిదండ్రులకు ముగ్గురు బిడ్డలు పుట్టి, ముగ్గురూ పురిటి గదిలోనే పోయారు. ఇది పురోహితుల కట్టలో ఉంది. రెండవది ఉత్తరాలు. ఏడు ఉత్తరాలలోనూ ఆదిశేషయ్య తన తల్లి వెంగమ్మను ‘పెద్దమ్మ గారికి’ అని సంబోధించాడు. ఒక్కచోట కూడా అమ్మ అనలేదు. కన్నతల్లిని పెద్దమ్మ అని పిలిచే కొడుకు ఉంటాడా?

ఆ ప్రశ్నకు జవాబు ధర్మవరం నుంచి వచ్చింది. పెళ్లిచూపులు అయిన వారానికి రామాంజులు శెట్టి తనంతట తానే వచ్చి, తన ముత్తాత కొండప్ప శెట్టి వాడిన హేవిళంబి నామ సంవత్సర పంచాంగం ఆయన చేతిలో పెట్టాడు. నూట ఇరవై ఏళ్లు దాటిన పుస్తకం. పూర్వం ఇంటి పెద్దలు పుట్టుకలూ చావులూ ప్రయాణాలూ పంచాంగం అంచుల్లోనే, ఆయా తిథుల పక్కన రాసుకునేవారు. తమ ముత్తాత చేతిరాత పుస్తకంలో అచ్చయితే తమకూ గొప్పేనని రామాంజులు శెట్టి మురిసిపోయాడు. ఆ పుటలను భద్రంగా తిప్పుతూ బదరీనారాయణ గారు మాఘమాసం దగ్గర ఆగిపోయారు. మాఘ శుద్ధ పంచమి పక్కన, వంకర లేని నల్లసిరా అక్షరాలతో ఇలా ఉంది: ‘మన చిరంజీవిని ఉరవకొండ నారాయణ శెట్టి గారికి పెంచుకొనుటకు ఇచ్చినాము.’

నారాయణ శెట్టి ఆదిశేషయ్య తండ్రి. హేవిళంబి ఆదిశేషయ్య పుట్టిన సంవత్సరం.

అంతా ఒక్కసారిగా కుదురుకుంది. ముగ్గురు బిడ్డలు పోయిన దంపతులు ధర్మవరంలోని కొండప్ప శెట్టి బిడ్డను పెంపకానికి తెచ్చుకున్నారు. అందుకే పెద్దమ్మ. అంటే ఆదిశేషయ్య పుట్టుక ముఖేష్ వాళ్ల ఇంట్లో, వాళ్ల గోత్రంలో. దత్తు వెళ్లినవాడికి పుట్టిన గోత్రంతో పెళ్లి సంబంధం ఎన్ని తరాలైనా పనికిరాదు. అర్చన, ముఖేష్ ఒకే మగవంశపు కొమ్మలు. వరసకు ముఖేష్ అర్చనకు చిన్నాన్న.

ఆ వాక్యాన్ని ఫోనులో ఫొటో తీసుకుని ఆయన తొమ్మిది రోజులు తన దగ్గరే దాచుకున్నారు. దాచినంత సేపూ ఆయనకు తనమీద తనకే రోత. పంచాంగాన్ని తిరిగి ఇచ్చివేసి, ఏమీ చూడనట్టు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నూటపాతికేళ్ల నాటి సిరాను ఇంకొకడు వచ్చి చదువుతాడా? అయితే జీవితమంతా విద్యార్థులను కాపీ కొట్టనివ్వని మనిషి, తన ఇంటి పెళ్లిలో తానే తప్పును కప్పిపెట్టి పీటల ముందు అక్షింతలు పట్టుకుని నిలబడగలడా? తొమ్మిదో రోజు ఉదయం, బ్యాంకు ఉద్యోగానికి బయలుదేరుతూ స్కూటర్ తాళం వెతుక్కుంటున్న అర్చనను ఆయన పిలిచి ఫోను చూపించారు.

అర్చన ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. తల్లి లేని పిల్ల. మూడేళ్ల వయసు నుంచి కన్యకమ్మ చేతి అన్నం తిని పెరిగింది. ఏడవలేదు. ముఖేష్ అంటే తనకు ఇష్టమని ఈ తాతకు ఆమె నోరు విప్పి ఎప్పుడూ చెప్పలేదు, ఆ రోజు కూడా చెప్పలేదు. ఫోను తిరిగి ఇస్తూ ఒక్కటే అంది.

“చెప్పాలనుకుంటే చెప్పు తాతా, నేను అడ్డం రాను. నువ్వు చదివింది ఒక్క వాక్యమే. అంతా చదివినావో లేదో ఇంకోసారి చూసుకో.”

ఆ మాట ఆయనకు నచ్చలేదు. తాను చదవడంలో పొరపాటు పడతానని ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ అనలేదు. ఆదివారానికి ధర్మవరం వారికి కబురు చేశారు.

ఇప్పుడు ఆయన గొంతు సవరించుకుని, కళ్లజోడు పెట్టుకుని, తెల్లకాగితం మీద ముందుగానే రాసిపెట్టుకున్న ఆరు వాక్యాలను చదివారు. విచారంతో తెలియజేస్తున్నానని మొదలుపెట్టి, మాఘ పంచమి నాటి రాతను యథాతథంగా వినిపించి, కాబట్టి ఈ వివాహం శాస్త్రసమ్మతం కాదని ముగించారు.

అరుణజ్యోతి చేయి, పళ్లెంలో తమలపాకులు సర్దడానికి చాచిన చేయి, అక్కడే ఆగిపోయింది. కేశవ తండ్రి ముఖంలోకి చూసి, తరువాత వెనక్కి తిరిగి కూతురి ముఖంలోకి చూశాడు. ఆమెకు ముందే తెలుసని అప్పుడు అతనికి అర్థమైంది.

“ఏమప్పా సారూ, ఇదేమన్నా ఎగతాళా?” అన్నాడు రామాంజులు శెట్టి. గొంతు పెద్దది చేయలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది. “మా పంచాంగం మేమే తెచ్చి మీ చేతిలో పెడితిమి. దాంతోనే మా కొడుకు పెండ్లికి అడ్డం పడ్తారా?”

పంచాంగం ఎవరిదైనా రాసినది రాసినదేనని బదరీనారాయణ గారు అన్నారు. ఎర్రగుడ్డ విప్పి, గుర్తుగా పెట్టిన దారం దగ్గర పుట తెరిచి, బల్ల మీద వాళ్ల వైపుకు తిప్పి పెట్టారు. రామాంజులు శెట్టి వంగి చదివాడు. ముత్తాత చేతిరాత ఆయనకు బాగా తెలుసు. చదివి, మెల్లగా వెనక్కి వాలాడు.

చట్టం ప్రకారం అయిదు తరాల తరువాత ఏ అడ్డూ లేదని ముఖేష్ మెల్లగా చెప్పబోయాడు. తండ్రి అతన్ని పూర్తి చేయనివ్వలేదు. “చట్టమొచ్చి తాంబూలం తీసుకోదు నాయనా. రేపు మన కులంలో ఎవురికి ఏమని చెప్తాము?” అన్నాడు. ముహూర్తం చీర అప్పుడే మగ్గం మీద సగం నేసి ఉందని, నేస్తున్న ఓబన్న రోజూ రంగు సరిగ్గా వచ్చిందని ఫోను చేసి చెబుతున్నాడని, ఇప్పుడు ఆ మనిషికి ఏమని చెప్పి మగ్గం ఆపించాలని అరుణజ్యోతి ఎవరినీ చూడకుండా గోడతో చెప్పింది. ముఖేష్ తలెత్తి అర్చన వైపు చూశాడు. ఆమె తండ్రి కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

రామాంజులు శెట్టి లేచి నిలబడ్డాడు. పంచాంగం కోసం చేయి చాచాడు. ఆ చేయి పుస్తకం మీద పడితే, అది ఎర్రగుడ్డలోకి వెళితే, వాళ్లు గడప దాటితే, ఇక ఈ మాట తిరగరాయడానికి ఎవరికీ వీలుండదని బదరీనారాయణ గారికి తెలుసు. తన ధర్మం తాను చేశానని ఆయన తనకు తాను చెప్పుకుంటున్నారు. అలా చెప్పుకోవలసి రావడమే ఆయనకు బాగోలేదు.

“ఉండప్పా శెట్టీ. కూర్చో.”

ఎవరు మాట్లాడారో ఒక క్షణం ఎవరికీ తోచలేదు. గడప దగ్గర మంచం మీద కన్యకమ్మ లేచి కూర్చుని ఉంది. ఈ సమావేశం ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అక్కడున్న అందరితోపాటు ఆమె కూడా ఇప్పుడే విన్నది.

“అత్తా, ఇది రికార్డులకు సంబంధించిన విషయం. దయచేసి మీరు కలగజేసుకోవద్దు,” అన్నారు బదరీనారాయణ గారు.

“గమ్మునుండు బదరీ. నువ్వు కాగితాలు సదివినావు. నేను ఆ కాగితాల్లో ఉండే మనిషి కడుపున పుట్టినదాన్ని.”

ఆ ఇంట్లో ఆయనను గమ్మునుండమన్నవాళ్లు లేరు. కేశవ గబుక్కున లేచి ఆమె మంచాన్ని బల్ల దగ్గరకు జరపబోయాడు. ఆమె వద్దని, అర్చన చేయి పట్టుకుని తానే నడిచి వచ్చి, కేశవ వదిలిన కుర్చీలో కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. ఏదో దండకం చెప్పుకుంటోందని అందరూ అనుకున్నారు. తరువాత తెలిసింది, ఆమె తాను చేసిన ప్రమాణానికి సెలవు అడుగుతోందని.

తనకు పదిహేనో ఏట, అత్తగారింటికి పంపే ముందురోజు, నాయనమ్మ వెంగమ్మ తలకు నూనె పెడుతూ ఒక సంగతి చెప్పి, దీపం ముట్టించి ఒట్టు పెట్టించుకుందని ఆమె మెల్లగా మొదలుపెట్టింది. ఆ ఒట్టు ఏమిటంటే, ఆదిశేషయ్య వెంగమ్మ కన్నకొడుకు అనే మాట ఈ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనకూడదు. అంటే అన్న నోటికి కీడు.

“అవ్వ చచ్చేదాకా మా నాయన్ను నా కొడుకు అన్లేదు. ‘ధర్మవరం వాళ్ల బిడ్డ’ అనే అంటాండె. మా నాయన ఆయమ్మను పెద్దమ్మా అనే అనాల. అది మరిపిచ్చేదానికి. పైనుంచి వచ్చి తీసుకుపోయేటోడు, ఇది ఈయమ్మ బిడ్డ కాదులే అనుకుని ఎల్లిపోయేదానికి.” ఆమె ఊపిరి పీల్చుకుంది. “ముగ్గురు పోయినాంక నాలుగో బిడ్డను అమ్మేసింది మా అవ్వ. చాటలో ఏసి.”

అరుణజ్యోతి నోటి మీద చేయి పెట్టుకుంది. ఆమెకు అర్థమైంది. రామాంజులు శెట్టికీ సగం అర్థమైంది. అర్థం కానిది బదరీనారాయణ గారికే. ఆయన ఆ ఆచారం గురించి విననివారు కాదు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లులు మరుసటి బిడ్డను ఉత్తుత్తిగా ఇంకొక ఇంటికి అమ్మి, ఆ ఇంటి బిడ్డగానే పెంచే వాడుక ఊళ్లలో ఉందని చిన్నప్పుడు విన్నారు, పెద్దయ్యాక దాన్ని మూఢనమ్మకాల జాబితాలో రాసి పక్కన పెట్టారు. అది తమ ఇంట్లో, తన తాతకు జరిగి ఉంటుందని ఊహించలేదు.

వెంగమ్మ పుట్టిల్లు ధర్మవరం, కొండప్ప శెట్టి ఇంటికి పక్కిల్లు. పురిటికి అక్కడికే వెళ్లింది. కొండప్ప భార్య ఓబులమ్మ ఆ బిడ్డను కొని తన ఇంటికి తీసుకుపోయింది. అయిదు నెలలు బిడ్డ ఆ ఇంట్లోనే ఉన్నాడు. వెంగమ్మ రోజూ పెరటి దారిన వెళ్లి, ‘ఓబులమ్మా, మీ బిడ్డకు పాలిచ్చి పోదునా?’ అని అడిగి, ఆమె సరేనన్నాకనే తన బిడ్డను ఒడిలోకి తీసుకునేది. కన్యకమ్మ ఆ మాటను తన అవ్వ గొంతుతోనే చెప్పింది. రామాంజులు శెట్టి ఎప్పుడు కూర్చున్నాడో తెలియదు, కూర్చుని ఉన్నాడు.

బదరీనారాయణ గారిలో ఏదో కరిగింది. దానికి లొంగిపోవడానికి మాత్రం ఆయన సిద్ధంగా లేరు. మనవరాలిని పెంచిన మనిషి, ఆ పిల్ల పెళ్లి తప్పిపోతుంటే ఏ కథైనా అల్లగలదు. ఆమె అబద్ధం చెబుతోందని ఆయన అనుకోలేదు. కాని ధర్మవరం వారు రేపు అలా అనుకుంటే? ఎదుటివారు అడగవలసిన ప్రశ్నను ఆయన తానే అడిగారు.

“అత్తా, మీరు ఈ పంచాంగం తెరిచి చూశారా?”

“నాకు కండ్లు యాడ కనపడ్తాయి? చూసినా నాకు సదవను వస్తాదా?”

“అయితే చెప్పండి. బిడ్డ పుట్టినది ఎప్పుడు? అమ్మినది ఎప్పుడు? ఏమి తీసుకుని అమ్మారు?”

ప్రశ్నలు పరీక్షాపత్రంలోని వాటిలాగే ఉన్నాయి. కేశవ తండ్రిని ఆపబోయాడు. కన్యకమ్మ చేయెత్తి వద్దంది.

“వినాయక చవితి మరుసటి దినం పుట్టినాడు. పదకొండో దినం, పున్నమి పూట అమ్మినారు. శేరు తవుడు ఇచ్చి తీసుకునె ఓబులమ్మ. బిడ్డను పండబెట్టిన కొత్త చాట గూడా ఆయమ్మదే.”

చవితి మరుసటి రోజు పంచమి. అక్కడి నుంచి పదకొండో రోజు భాద్రపద పూర్ణిమ. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టవలసిన పని లేకపోయింది. ఎందుకంటే, ఆమె తవుడు అన్న మరుక్షణమే ఆయనకు గుర్తుకొచ్చింది. ఆ మాట ఆ పంచాంగంలో ఎక్కడో ఆయన చదివారు. చదివి, కరవు సంవత్సరం గదా, ఇంటి ఆవు కోసం తెప్పించిన మేత అనుకుని, పుట తిప్పేశారు. ఆ పుటకు ఫొటో కూడా తీయలేదు.

పుస్తకాన్ని ఆయన తన వైపుకు తిప్పుకోలేదు. రామాంజులు శెట్టి ముందుకే జరిపారు.

“మీరే చూడండి. భాద్రపద పూర్ణిమ.”

రామాంజులు శెట్టి మాఘం నుంచి వెనక్కి ఒక్కొక్క పుటా తిప్పసాగాడు. పాత కాగితం అంచులు పొడిగా రాలుతున్నాయి. పుష్యం, మార్గశిరం, కార్తికం. ఆశ్వయుజం పుట పక్కదానికి అతుక్కుని ఉంటే ముఖేష్ గోటితో విడదీశాడు. భాద్రపదం దగ్గర రామాంజులు శెట్టి చూపుడువేలు పై నుంచి కిందికి జారుతూ వచ్చి ఆగింది. ఆయన గట్టిగా చదవలేకపోయాడు. ముఖేష్ తండ్రి భుజం మీదుగా వంగి చదివాడు. ‘పూర్ణిమ. తవుడు శేరు. కొత్త చాట. పక్కింటి బిడ్డ మన బిడ్డ ఆయెను.’

చివరి మాటలు బదరీనారాయణ గారు చూడనే లేదు. తవుడు దగ్గరే ఆయన ఆగిపోయారు. వాక్యం మాత్రం అక్కడ ఆగలేదు.

కేశవ చేతులతో ముఖం కప్పుకున్నాడు. రామాంజులు శెట్టి మళ్లీ మాఘ పంచమి పుటకు వచ్చి, ఇందాక చదివిన వాక్యాన్నే కొత్తగా చదువుతున్నట్టు చదివాడు. పెంచుకొనుటకు ఇచ్చినాము. కన్నతల్లి చేతిలోనే తిరిగి పెట్టి, అలా రాసుకున్నాడు ఆయన ముత్తాత. ఆ రాత కూడా మాయలో భాగమే. పైవాడు వచ్చి చదివినా మోసపోవాలి.

ఇంత అయినా ఒక చిక్కు మిగిలిందని అరుణజ్యోతికి తోచింది. మగవాళ్లకు తోచనిది. అట్లా కొన్న బిడ్డకు మగపిల్లవాడైనా ముక్కు కుట్టిస్తారు కదా, ఆదిశేషయ్య గారికి కుట్టించారా, ఎవరైనా చూశారా అని ఆమె అడిగింది. అడిగిన తీరులో అనుమానం కంటె, ఉన్న ఒక్క సందూ మూసేయాలన్న ఆత్రమే ఎక్కువగా ఉంది.

కన్యకమ్మ బదరీనారాయణ గారి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. చెబుతావా లేదా అన్న ఒక్క ప్రశ్న ఉంది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. చెప్పకపోతే ఎవరికీ తెలియని సంగతి అది.

“ఉంది,” అన్నారు. “మా తాతగారి ఫొటో ఒక్కటే ఉంది మా ఇంట్లో. దానిలో ఎడమ ముక్కుపుటం మీద నల్లగా ఒక చుక్క ఉంటుంది. అది ఫొటోకు పట్టిన మరక అనుకున్నాను. పుస్తకంలో అచ్చు వేయడానికి స్టూడియోలో ఇచ్చి, ఆ చుక్కను చెరిపించాను. శుభ్రంగా ఉండాలని.”

అర్చన లోపలికి వెళ్లి, దేవుడి గదిలో నుంచి చట్రం కట్టిన అసలు ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టింది. తలపాగా, మెడదాకా గుండీలు పెట్టిన కోటు, కెమెరా వైపు కొంచెం విసుగ్గా చూస్తున్న నలభై ఏళ్ల మనిషి. ఎడమ ముక్కుపుటం మీద చిన్న గుంట. అరుణజ్యోతి వేలు చాచి ఆ గుంటను అద్దం మీదనే తాకింది. మరక అయితే ఫొటో మీద ఎక్కడైనా పడుతుంది. ఇది సరిగ్గా కుట్టించే చోట ఉంది.

“మీ కండ్లజోడు మీది దుమ్మనుకుంటిరేమో సారూ,” అన్నాడు రామాంజులు శెట్టి. గంట నుంచీ బిగబట్టిన ఊపిరి ఆ ఒక్క మాటలో బయటికి వచ్చింది. ముఖేష్ నవ్వాపుకోలేకపోయాడు. బదరీనారాయణ గారికి ఆ ఎగతాళి కూడా న్యాయంగానే తోచింది.

రక్తం కలవలేదు. గోత్రాలు వేరు. రెండు ఇళ్ల మధ్య ఉన్నది ఒక శేరు తవుడు, అయిదు నెలల పెంపకం. ఓబులమ్మ కొన్న బిడ్డ మునిమనవడి కూతురు ఇప్పుడు ఓబులమ్మ ఇంటికే కోడలిగా వస్తోందని అరుణజ్యోతి అంది. అది వింటూ అర్చన మొదటిసారి కళ్లు తుడుచుకుంది. ఎవరూ చూడలేదనుకుంది. ముఖేష్ చూశాడు.

కన్యకమ్మ మాత్రం ఎవరితోనూ కలవకుండా చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. కేశవ ఆమె దగ్గరకు వంగి, ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాడు. అడుగుతూనే ఆ ప్రశ్న తండ్రికి తగులుతుందని అతనికి తెలిసి ఉండాలి.

“యాల చెప్తా నాయనా? ఒట్టు ఉండాది. ఇంగ అడిగినోళ్లు గూడా లేరు.” దేవుడి గది వైపు చూసింది. “అన్న నోటికి కీడు అనింది అవ్వ. ఈ నోటికి తొంభై ఏండ్లు. రానీ. బిడ్డ మీదికి పోకుండా నా మీదికే రమ్మని ఇప్పుడే దండం పెట్టుకునింటి.”

ఆ గదిలో చదువుకున్నవాళ్లు అందరూ ఉన్నారు. అలాంటిదేమీ జరగదని ఆమెతో అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమె నిజంగా నమ్ముతోంది. నమ్ముతూనే చెప్పింది.

రామాంజులు శెట్టి పళ్లెం తన వైపుకు జరుపుకున్నాడు. ముహూర్తం మాట తరువాత, మొదట తాంబూలాలు కానివ్వమన్నాడు. బదరీనారాయణ గారు ఒక్క నిమిషం ఆగమని కోరారు. ఆరు వాక్యాల కాగితాన్ని రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నారు, చించలేదు. సమావేశాల తీర్మానాలు రాసుకునే నోటుపుస్తకం తీసి, కలం మూత విప్పి, కొద్దిసేపు రాశారు. తరువాత ఆయన లేచి నిలబడి, చొక్కా సరిచేసుకుని, వేదిక మీద చదివినట్టే చదివారు.

“ఈ సమావేశంలో ఉరవకొండ ఆదిశేషయ్య శెట్టి గారి పుట్టుకను గురించి నేను చేసిన నిర్ధారణ తప్పు. ఉన్న ఆధారాన్ని పూర్తిగా చదవకపోవడం, సజీవంగా ఉన్న సాక్షిని ప్రశ్నించకపోవడం నా దోషాలు. ఆదిశేషయ్య గారి కుమార్తె శ్రీమతి కన్యకమ్మ గారు, డెబ్బై అయిదు సంవత్సరాలు నిలుపుకున్న ప్రమాణాన్ని, తనకు కీడు కలుగుతుందని నమ్ముతూ, ఒక ఆడపిల్ల జీవితం కోసం ఈ సభలో స్వయంగా విడిచిపెట్టారు. వంశచరిత్రలో ఆదిశేషయ్య గారి అధ్యాయం ఆమె మాటలతో ప్రారంభమవుతుంది. ఆమె చేసిన ఈ కార్యానికి రెండు కుటుంబాల పక్షాన, ముఖ్యంగా నా పక్షాన, నమస్కరించి కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను.”